నీ మాత్రల డబ్బా నా దగ్గరుంది

చిన్నీ,

లేవగానే బూట్ల సంచి వెతకొద్దు. అందులోని బరువు తగ్గే మాత్రల డబ్బా నేనే తీశాను. కొలతలకి కస్టమరు ఇంటికి వెళ్తూ దారిలో డాక్టరుగారికి చూపిస్తాను.

ఇవాళ పరుగుకి వెళ్లకు. కాఫీ కూడా తాగొద్దు. డబ్బా మీద అన్నిటికన్నా పైన కెఫీన్ అని ఉంది, దాని కింద నాకు నోరు తిరగని పేర్లు ఇంకేవో ఉన్నాయి. ఛాతీ పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా నాకు ఫోన్ చేస్తూ కూర్చోకు. పక్కింటి పిన్నిగారిని తీసుకుని నేరుగా ఆస్పత్రికి వెళ్లు.

నిన్న పరిగెత్తి వచ్చి మెట్ల మీద కూలబడ్డప్పుడు నీ వీపు మీద చెయ్యి వేశాను. ఎవరో కుట్టుమిషను ఆపకుండా తొక్కుతున్నట్టు కొట్టుకుంటోంది గుండె. ఎంతసేపు కూర్చున్నా నెమ్మదించలేదు. చేతులు వణుకుతుంటే గ్లాసు నేను పట్టుకుని నీళ్లు తాగించాను. నువ్వేమో "కొవ్వు కరుగుతోంది వదినా" అని నవ్వావు. పరిగెడితే గుండె ఎలాగూ దడదడలాడుతుంది, వెనకనుంచి ఈ మాత్ర కూడా తరమాలా?

మీ అన్నయ్యకి ఇంకా చెప్పలేదు. సాయంత్రంలోగా నువ్వే చెప్పు. లేకపోతే నేను చెప్తాను, అప్పుడు నన్ను అనొద్దు.

ఒళ్లు మండిపోతోంది నాకు. సగం నీ మీద, సగం మొన్న నీ కొలతలు తీస్తూ టేపు చాలట్లేదని నవ్విన నా నోటి మీద.

వదిన

నీ డ్రెస్సు తలుపు వెనక కొక్కేనికి తగిలించాను. పక్క కుట్లు విప్పి వదులు చేశాను. వేసుకుని చూసి, ఇంకా బిగుతుగా ఉన్నచోట సుద్దతో గీత పెట్టు. ఈసారి నవ్వను.