ముందు షాకప్, వెనక బాపు

శనివారం రాత్రి, బోధన్

మొత్తానికి పాత గేర్ల సైకిల్‌కు ముందు షాకప్ మారింది. చెరుకు ట్రాక్టర్లు రోడ్డును నాశనం చేశాయి. ఆ గుంతలకు బాపు నడుము పోతోంది. ఆయన్ను రోజూ బీడీ ఆకు గోదాముకు దింపేది నేనే.

నిజామాబాద్ షాపులో ఎర్రటి లావు షాకప్పే కావాలని పట్టుబట్టాను. మెకానిక్ ఖాజా భాయ్ దాన్ని అరచేత్తో నొక్కి చూపించాడు.

"ఇది ఉత్త షో తమ్మీ. నువ్వు బక్కోనివి, నీ బరువుకు దీని స్ప్రింగ్ అణగనే అణగదు. గీ మెత్తది తీస్కో."

కొట్లాడాను. చివరికి మెత్తదే బిగించాడు. ఆయన మాటే నిజం, దారంతా చేతులకు దెబ్బే తెలియలేదు.

సాయంత్రం బాపును వెనక క్యారియర్ మీద ఎక్కించుకుని గోదాము దాకా తిప్పాను.

"ఎట్లున్నది బాపు?"

"నీ చేతులకు మంచిగనే ఉన్నట్టున్నది బిడ్డా. నా నడుముకు గదే గుంత."

ఒళ్లు మండింది, బాపు మీద కాదు. వెనక కూర్చునే మనిషికి ముందు షాకప్ ఏం చేస్తుంది? ఖాజా భాయ్‌కి బాపు సంగతి నేను చెప్పనే లేదు. ఈ పాత ఫ్రేముకేమో వెనక స్ప్రింగ్ పట్టదు.

"రేపటి సంది ముందట కమ్మి మీద కూసో" అన్నాను. సీటు ముందరి ఆ కడ్డీ మీదైతే సగం దెబ్బయినా తగ్గుతుంది.

"నేనేమన్న పోరగాన్నారా? నలుగురు నవ్వరా?" అని బాపు లోపలికి పోయాడు.

ఇందాక సైకిల్‌కు తాళం వేయడానికి వెళ్లాను. ముందు కమ్మికి బాపు తువ్వాల గట్టిగా చుట్టి ఉంది.