మిరప గోతాల్లో వచ్చిన దుప్పట్లు

దర్భంగా, బీహారు
8-1-89

అమ్మా, నేను కులాసా. చలికి బెంగపడకు.

భూకంపానికి ఇళ్లు పోయి ఐదు నెలలవుతున్నా వీళ్లింకా టార్పాలిన్ పట్టాలు కప్పిన గుడిసెల్లోనే ఉన్నారు. మన ఊళ్లో పోగుచేసిన దుప్పట్లు నిన్న పంచాం. వాటిని మిరపకాయల గోతాల్లో కుక్కించింది నువ్వేనా? మూట విప్పగానే వరసంతా ఒకటే తుమ్ములు. లారీతో వచ్చిన మన బుల్లయ్య, "ఏందమ్మాయ్ ఈ ఘాటు! చలికన్నా ఇదే చంపేట్టుందే!" అని తల పట్టుకున్నాడు.

ఒక ముసలమ్మ చంకలో మనవరాలు తుమ్మితే, నీ అలవాటే కదా, "చిరంజీవ" అనేశాను. అంటే ఏమిటని అడిగింది. చాలాకాలం బతకమని, అని నాకొచ్చిన హిందీలో చెప్పాను. కొడుకూ కోడలూ గోడ కూలి మీద పడి చనిపోయారట, ఆ పిల్లొక్కతే మిగిలింది. ముసలమ్మ దుప్పటిని పిల్ల ముక్కు దగ్గర కావాలని ఇంకోసారి దులిపింది. పిల్ల తుమ్మింది. ఆవిడ నా నోటికేసి చూస్తూ నిలబడింది. మళ్లీ అన్నాను.

ఈసారి స్వెటర్లు శుభ్రమైన గోతాల్లో కట్టించు. నాన్న దగ్గు తగ్గిందా? కోతలకి మనుషులు దొరికారా? అక్క కొడుకు తుమ్మితే నా వంతు కూడా నువ్వే అను.

నీ ప్రసూన