శుభలేఖ ఇవ్వని ఇల్లు

అమ్మాయి కావేరికి,

ఈ ఉత్తరం రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. మొన్న మనవరాలి శుభలేఖలు పంచడానికి రేపల్లె వచ్చాను కదా. తెనాలి నుంచి ఆ రైలు ఎంత నింపాదిగా వస్తుందంటే, దిగేలోగా నేను పేకాటలో రెండుసార్లు ఓడిపోయాను. సరే, ఆ గోల ఇప్పుడెందుకు. మీ వీధిలో అందరికీ ఇచ్చి, నీ గుమ్మం దాటిపోతుంటే నువ్వే పిలిచావు.

"బాబాయిగారూ, ఎండన పడి ఎక్కడికండీ? మజ్జిగ తాగి వెళ్ళండి!"

రెండు గ్లాసులు తాగాను. శుభలేఖల సంచీ ఒళ్ళోనే ఉంది. తియ్యలేదు.

సైన్యంలో ఉన్న మీ ఆయన విష్ణువర్ధన్ కాశ్మీరులో ఉగ్రవాదుల కాల్పుల్లో పోయి ఎనిమిదేళ్ళు. ఏటా ఆ రోజున నిన్ను వేదిక ఎక్కించి, "ఈ అమ్మాయికి జీవితాంతం మేమున్నాం" అని మైకులో చెప్పేది నేనే. భర్త పోయిన పిల్లని పెళ్ళికి పిలిస్తే నలుగురూ ఏమంటారోనని జంకిందీ నేనే. మీ పిన్ని ఒప్పుకోదులే అని సర్దిచెప్పుకున్నాను. ఆమెను అడగనైనా లేదు.

శుక్రవారం పెళ్ళికి రావాలమ్మా. రానంటే నిన్ను తప్పుపట్టను.

ఇంతవరకూ మీ పిన్నికి చదివి వినిపించాను. కుంకుమ భరిణె సంచీలో పెట్టుకుని రేపల్లె రైలుకి బయలుదేరింది. ఉత్తరం ఆమె చేతికే ఇస్తున్నాను.