సిమ్యులేటర్ గారి కళ్ళు

కాబోయే కంటి డాక్టరమ్మకి,

మీ మామయ్య ఒంటికన్నుతో చేస్తున్న ఆశీర్వాదాలు. రెండో కన్ను సెలవులో ఉంది.

ఇక్కడ మీ అత్తయ్య క్షేమం, ఆవిడ నోరు ఇంకా క్షేమం. నా కుడికన్ను సంగతే చెప్పాలి. శుక్లం ముదిరి లోకమంతా ఆవిరి పట్టిన అద్దంలోంచి చూసినట్టుంది. వాచీలు బాగుచేసేవాడికి కుడికన్ను పోతే ఇంకేం మిగిలింది? నిన్న ఒకావిడ చేతివాచీ విప్పితే చిన్న స్క్రూ జారిపోయింది. గంటసేపు బల్లకింద పాకాను. అది నా చొక్కా మడతలో ఉందని చెప్పింది కూడా ఆవిడే. చెప్పి, వాచీ తీసుకుని చక్కా పోయింది. ఇట్లా ఇంకో నాలుగు నెలలు గడిస్తే కొట్టు మూసేసి, గుమ్మంలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళని టైమెంతయిందని అడగడమే నా వృత్తి.

నువ్వు ఆపరేషన్లు నేర్చుకోవడానికి వెళ్ళి ఆరునెలలైంది. ఇంతవరకూ ఎన్ని కళ్ళు చేశావు? లేక పెద్ద డాక్టరుగారి వెనక ఫైళ్ళు మోయడమే పై చదువా?

ఇట్లు,
నీ మేనమామ

తా.క.: అక్షరాలు పెద్దవిగా ఉన్నాయని వెక్కిరించకు. నేను రాసింది నాకు కనబడాలిగా.

*

ఒంటికన్ను మామయ్యకి,

నీ మేనకోడలి నమస్కారాలు. ఫైళ్ళు మోయడం మానేసి నెలైంది. ఇప్పుడు రోజూ పొద్దున్నే నాకు సిమ్యులేటర్ గది. మధ్యాహ్నం దాకా ఆపరేషన్లే. సోమవారం అయిదు కళ్ళు చేశాను, నాలుగు పోయాయి. మంగళవారం శుక్లం వెనకుండే పలచటి పొర చింపేశాను, అది పొరపాటు. బుధవారం మళ్ళీ చింపేశాను, అది అలవాటు. ఎన్ని పోగొట్టినా పైకి ఒక్క మాట ఉండదు, మార్కులు మాత్రం వస్తాయి. నిన్న వందకి నలభై ఒకటి. వరసగా మూడుసార్లు ఎనభై దాటితేగానీ మనిషి కన్ను ముట్టుకోనివ్వరు.

నీ కన్ను నేనే చెయ్యాలని నాకూ ఉంది. కానీ నలభై ఒక్క మార్కుల చెయ్యి నీకెందుకు?

ఇట్లు,
నీ కోడలు పిల్ల

తా.క.: మత్తు ఇవ్వక్కర్లేదు, అదొక్కటే సుఖం.

*

దయలేని డాక్టరమ్మకి,

నీ ఉత్తరం చూసి గుండె గుభేలుమంది. ఆ సిమ్యులేటర్ గారెవరు తల్లీ? ఏ పాపం చేసుకున్నాడని రోజూ పొద్దున్నే నీకు దొరికిపోతున్నాడు? సోమవారం అయిదు కళ్ళంటావు. ఒక మనిషికి అయిదు కళ్ళుండవు కాబట్టి, సిమ్యులేటర్ అన్నది ఇంటిపేరనీ, కుటుంబం కుటుంబమంతా మీ ఆస్పత్రిలో ఇరుక్కుపోయిందనీ మీ అత్తయ్య తేల్చింది. వాళ్ళకి మత్తు కూడా ఇవ్వరా? పైగా నీకు మార్కులు కూడా వాళ్ళే వెయ్యాలా? నా కన్ను పోగొడితే నేను వేసేది మార్కులు కాదు.

మనిషి కన్ను ముట్టుకోనివ్వరని రాశావే, అంటే సిమ్యులేటర్లు మనుషులు కారూ? ఆరునెలల చదువుకే కళ్ళు నెత్తికెక్కాయన్నమాట. పక్కకొట్టు దర్జీ ఈ సంగతి విని కంటతడి పెట్టుకున్నాడు. ఇద్దరం కలిసి ఆ కుటుంబానికి నాలుగు నల్లకళ్ళజోళ్ళు పంపుతున్నాం. నా కన్ను సంగతి మరిచిపో. మసకైతేనేం, నాది నా దగ్గరే ఉంది.

ఇట్లు,
సిగ్గుపడుతున్న మేనమామ

తా.క.: నేను నీకేమవుతానో వాళ్ళకి చెప్పకు.

*

సిమ్యులేటర్ గారి ఆత్మబంధువుకి,

నేను రాసింది ‘సిమ్యులేటర్ గది’ మామయ్యా! గదిని గారు చేసిన ఘనత నీ కుడికన్నుది. సిమ్యులేటర్ అంటే ఒక యంత్రం. బల్లకి బిగించిన ప్లాస్టిక్ తలకాయ. మొండెమే లేదు, ఇంక కుటుంబం ఎక్కడిది? దాని కంట్లోకి పరికరాలు దూర్చి, పైనున్న గొట్టాల్లోంచి చూస్తే అచ్చం నిజం కన్నులా బొమ్మ కనిపిస్తుంది. కాళ్ళకింద రెండు పెడళ్ళు. చెయ్యి ఎక్కడ వణికిందో, ఎంత వణికిందో అన్నీ చెప్పి పరువు తీస్తుంది.

కళ్ళజోళ్ళు అందాయి. పెద్ద డాక్టరుగారు ఒకటి ఆ తలకాయకి పెట్టించి, మిగతా మూడూ కుటుంబసభ్యులు వస్తే ఇవ్వమని బీరువాలో దాచారు. గదిలోకి వచ్చిన ప్రతివాళ్ళూ మీ మామయ్య కులాసానా అని అడుగుతున్నారు.

నవ్వులాట కాదు. ఆలస్యం చేస్తే శుక్లం రాయిలా గట్టిపడుతుంది, అప్పుడు ఎవరికైనా కష్టమే. పద్నాలుగో తారీఖున పెద్ద డాక్టరుగారి దగ్గర నీకు చోటు పెట్టించాను. నోరు మూసుకుని రా.

ఇట్లు,
నీ కోడలు పిల్ల

తా.క.: నిన్న డెబ్భై ఎనిమిది. రెండు మార్కుల్లో కన్ను పోయింది. కంగారుపడకు, ప్లాస్టిక్‌దే.

*

బొమ్మలాటల డాక్టరమ్మకి,

అయితే నువ్వు ఇన్నాళ్ళూ గేములాడుతున్నావన్నమాట. పెడళ్ళు కూడానా! కుట్టుమిషను నేర్చుకున్నా ఈపాటికి ఒక లంగా అయినా కుట్టేదానివి. నేను వాచీ పని ప్లాస్టిక్ వాచీల మీద నేర్చుకోలేదమ్మా. నిజం వాచీల మీద, జనం నమ్మి ఇచ్చిన వాటిమీద నేర్చుకున్నాను. మొదటి ఏడాదిలోనే పదకొండు పాడుచేశాను.

ఈ ముక్క రాశాక ఆ పదకొండూ ఎవరెవరివో వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాను.

సరే, ఒకటి అడుగుతాను. మీ పెద్ద డాక్టరు కుర్రతనంలో ఈ తలకాయ లేదుగా? మరి ఆయన ఎవరిమీద నేర్చుకున్నట్టు? ఆ సంగతి తేలేదాకా పద్నాలుగూ లేదు, పదిహేనూ లేదు. నేను రాను.

ఇట్లు,
నీ మేనమామ

తా.క.: ఆ తలకాయకి కళ్ళజోడు సరిపోయిందా? దర్జీ అడగమన్నాడు.

*

మొండి మామయ్యకి,

పద్నాలుగు వచ్చింది, వెళ్ళింది. నువ్వు రాలేదు. గుమ్మంవైపు చూసి చూసి నా కళ్ళు కాయలు కాశాయి. నీ చోటు ఇంకెవరికో ఇచ్చేశారు. ఆ ఇంకెవరో నా మొదటి పేషంటు!

అవును. ఎనభై నాలుగు, ఎనభై ఎనిమిది, ఎనభై ఆరు, వరసగా మూడూ దాటాను. పద్నాలుగున పెద్ద డాక్టరుగారే కాగితాలన్నీ సరిచూసి, మనిషికి నిండా గుడ్డ కప్పి, కన్నొక్కటే కనబడేటప్పుడు నన్ను లోపలికి పిలిచారు. “ఈయన ఒప్పుకున్నాడు. నేను పక్కనే ఉంటాను. నువ్వు చెయ్యి” అన్నారు. మామయ్యా, ఆ కన్ను నన్నే చూస్తున్నట్టు అనిపించింది. చెయ్యి ఒక్క క్షణం వణికింది. తర్వాత వణకలేదు. శుక్లం నీ బుర్రంత గట్టిది. ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. పొర చిరగలేదు. బయటికొచ్చి మెట్లమీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను.

ఆ పేషంటు ఎంత పెద్దమనిషో! మొదటినుంచీ చివరిదాకా ఒక్క మాట లేదు, ఒక్క మూలుగు లేదు. అదే నువ్వయితే మాకే పని నేర్పేవాడివి. అటువంటివాళ్ళని చూసి బుద్ధి తెచ్చుకో. మర్నాడు దణ్ణం పెట్టుకుందామని వెళ్తే, అప్పటికే ఇంటికి పంపేశారు.

ఇట్లు,
అలిగిన కోడలు పిల్ల

తా.క.: నువ్వు వాచీ సామాను కొనడానికి వెళ్ళావని అత్తయ్య రాసింది. కన్ను కనబడనివాడికి సామాను ఎందుకో!

*

మా డాక్టరమ్మకి,

ఆ పెద్దమనిషి నమస్కారాలు.

కొట్టడానికి లేవకు, ముందు పూర్తిగా చదువు. నీ జవాబు కోసం ఆగలేక పదమూడునే వచ్చి, నీకు కనబడకుండా మీ పెద్ద డాక్టరు గదిలో దూరాను. మీరు ఎవరిమీద నేర్చుకున్నారని ముఖం మీదే అడిగాను. ఆయన దాచలేదు. “మనుషుల మీదే. పాడుచేసిన మొదటి మూడు కళ్ళూ ఎవరివో ఇప్పటికీ గుర్తు. మీ మేనకోడలు నూటయాభై పాడుచేసింది, వాటికి ఏడ్చేవాళ్ళెవరూ లేరు” అన్నాడు. నా కన్ను నువ్వే చెయ్యాలన్నాను. నేనని తెలిస్తే నీ చెయ్యి నిలవదు కాబట్టి చెప్పొద్దన్నాను. ఆయన ఒకటే షరతు పెట్టాడు, లోపల నోరు విప్పకూడదని.

ఇరవై అయిదు నిమిషాలు తల్లీ! పుట్టి బుద్ధెరిగాక నేను అంతసేపు నోరు మూసుకోవడం అదే మొదటిసారి. ఆపరేషన్ ఏమంత కష్టం కాలేదు, నాలుకని పట్టుకోవడమే ప్రాణాంతకమైంది. నీ చెయ్యి వణికిందే, అప్పుడు ‘భయపడకమ్మా, నేనే’ అని పెదాల దాకా వచ్చింది. పళ్ళు బిగించి మింగేశాను.

ఇవాళ పొద్దున కొట్టు తెరిచి ఒక వాచీ విప్పాను. లోపలి స్ప్రింగు చుట్టలన్నీ విడివిడిగా లెక్కపెట్టగలిగాను. మీ అత్తయ్య ఏమైందని అడిగితే, ఆ వాచీ ఆవిడ ముందు పెట్టి మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టాను.

ఇట్లు,
నీ మొదటి పేషంటు

తా.క.: ఎడమకన్ను కూడా మసకేస్తోంది. తారీఖు చూసి రాయి. ఈసారి మాత్రం షరతులు చెల్లవు, మొదటినుంచీ చివరిదాకా మాట్లాడుతూనే ఉంటాను. కావాలంటే నువ్వే చెవుల్లో దూది పెట్టుకో.