నాలుగు రాళ్ళ పొడుపుకథ

1963 ఫిబ్రవరి 6, బుధవారం

చెప్పు చూద్దాం — ఒక జాతికి పునాది వేసిన నలుగురెవరు? నేను చెప్పలేకపోయాను. చేతిలో బైబిలు గ్రంథం పెట్టుకుని, కూటం అంతా చూస్తుండగా.

సాయంత్రం స్త్రీల కూటంలో కరుణమ్మప్పకు వీడ్కోలు ప్రార్థన. ఠేకాదారు కాంట్రాక్టు పని అయిపోయింది. మట్టి మోసే ఆడకూలీలను, రేజాలందరినీ మానిపించారు. ఐదేళ్ళు భిలాయి ఉక్కు ప్లాంటు మట్టి నెత్తిన మోసిన మనిషి శనివారం దుర్గ్‌లో బండెక్కి ఊరికి పోతుంది.

ప్రార్థన అయ్యాక శిలాఫలకం సంగతి చెప్పాను. ఆదివారం రుఆబాంధా వైపు మన కొత్త ప్రార్థనాలయం తెరుస్తున్నాం. గోడకు నల్లరాయి. పైన 'స్థాపకులు' అని, కింద నాలుగు పేర్లు. మొదటిది నాది. రెండోది దానియేలుగారిది, రాయి ఇచ్చింది ఆయనే. మిగతా ఇద్దరూ సంఘపెద్దలు. చదివి వినిపించాను. ఆమెన్లు వచ్చాయి.

అప్ప నోట రాలేదు.

"బాబూ, ఒక పొడుపుకత ఏస్తాను. ఇప్పుతావేటి?"

"వెయ్యప్పా."

పన్నెండు దూలాల పెద్దిల్లు,
పాతిపెట్టినవి నాలుగు రాళ్ళు,
రెండు రాళ్ళకి పేరుంది,
రెండు రాళ్ళకి బరువుంది,
జాతిని నిలిపిన ఇంటోళ్ళు —
సెప్పు బాబూ, ఆళ్ళెవుళ్ళు?

ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను గ్రంథం పేజీలు అటూ ఇటూ తిప్పాను.

"ఇప్పలేపోతే?" అన్నాను, నవ్వులాటకే.

"ఇప్పలేపోతే ఆదివారం నువ్వు ప్రసంగం సెప్పకు. సాపమీద కూకుని ఇను."

"విప్పితే?"

"ఇప్పితే ఏటి సెయ్యాలో నీకే తెలుస్తాది."

సరేనన్నాను. అందరి ముందూ మాట ఇచ్చేశాను. నోరు... ఈ నోరు నాకంటే ముందు పరిగెత్తుతుంది.

ఫిబ్రవరి 7, గురువారం

పొద్దుటి షిఫ్టు. బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర వేడి మొహానికి కొడుతుంటే మెరుపులా తట్టింది. టిఫిను సంచిలోంచి గ్రంథం తీసి సరిచూసుకున్నాను. పన్నెండు దూలాలు — శిష్యులు. నాలుగు రాళ్ళు — సువార్తలు రాసిన నలుగురు. వాళ్ళలో ఇద్దరికి శిష్యుల పట్టీలో పేరుంది, ఇద్దరికి లేదు. ఎంత చక్కగా అతికింది! మూడు అంశాల ప్రసంగం కూడా అక్కడే తయారైపోయింది.

షిఫ్టు దిగి సైకిలు తిన్నగా లేబరు క్యాంపుకు తొక్కాను. అప్ప గుడిసె ముందు మూటలు. పక్కనే ఫూల్‌బాయి. వాళ్ళిద్దరూ ఒకే జట్టులో మట్టి మోశారు. ఫూల్‌బాయిది ఇక్కడి ఊరే, ఛత్తీస్‌గఢీ మనిషి. సోమవారం నుంచి నందిని గనుల్లో పనికి పోతుందట.

నా జవాబు అప్ప ఓపిగ్గా విన్నది.

"బాగుంది బాబూ. గాని నేను జాతన్నాను, పుస్తకం అనలేదు. ఆళ్ళు రాసినారు. మోసినారేటి?"

ఫూల్‌బాయికి తెలుగు రాదు. అయినా నా మొహం చూసి నవ్వింది.

కోపం వచ్చింది. రాస్తున్నాను, దాచడం ఎందుకు? అక్షరం ముక్క రాని మనిషి నాకు పరీక్ష పెట్టడమా?

ఫిబ్రవరి 8, శుక్రవారం. క్యాంటీనులో

బెంగాలీ ఫిట్టరుకు పొడుపుకథ హిందీలో చెప్పాను. "ఆఫీసు గోడ మీద నలుగురు నాయకుల పటాలు లేవా? వాళ్ళే" అన్నాడు. మరి పన్నెండు? "పన్నెండు నెలలూ దండలు వాళ్ళకే కదా, భయ్యా!"

నవ్వాను. కానీ జాతి అంటే దేశమనుకుని వీడు ఒక మేలు చేశాడు. గ్రంథంలో జాతి అంటే వంశం, గోత్రాలు. యాకోబు కొడుకుల పన్నెండు గోత్రాలు! దూలాలు దొరికాయి.

అదే రోజు, మూడు గంటలకు

అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు, యోసేపు. మళ్ళీ లేబరు క్యాంపు.

"దగ్గరికొచ్చినావు" అంది అప్ప. "గాని ఆ నలుగురి పేర్లూ పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. పేరు లేకండా బరువు మోసినోళ్ళేరీ?"

ఇంటికొచ్చి నా భార్య సుందరమ్మను అడిగాను. నీకు తెలుసా అని.

"కూటంలో ఆడోళ్ళందరికీ తెలుసు. మీకే తెలీదు."

చెప్పమన్నాను. బతిమాలాను. గ్రంథంలో సంసోను పెళ్ళిలో జరిగింది గుర్తొచ్చి సిగ్గేసింది — అక్కడ అతను వేసిన పొడుపుకథ విప్పలేక పెళ్ళికొచ్చినవాళ్ళు అతని భార్యను బెదిరించారు, ఆమె అతని దగ్గర ఏడ్చి జవాబు లాగింది. ఆ మాటే అన్నాను.

"ఆ కతలో ఏడిసింది ఆడది. ఈ కతలో మీరేడవండి, చూస్తాను." బియ్యం చేటలో పోసుకుంది. రాళ్ళు ఏరుతూ ఏరుతూ, తల ఎత్తకుండానే అంది — "యాకోబు ఇంట్లోకి ఎప్పుడూ వీధి గుమ్మంలోంచే పోతారు మీరు. దొడ్డి గుమ్మంలోంచి పోయి చూడండి ఒకసారి."

అదే రోజు, అయిదు గంటలు

దొరికింది.

యాకోబు కొడుకుల్ని తండ్రి వైపు నుంచి కాదు, తల్లుల వైపు నుంచి లెక్కపెట్టాను. లేయాకు ఆరుగురు. రాహేలుకు ఇద్దరు. బిల్హాకు ఇద్దరు. జిల్పాకు ఇద్దరు. పన్నెండు.

అతను పెళ్ళాడిన అక్కచెల్లెళ్ళు లేయా, రాహేలు ఇద్దరికీ పేరుంది. ఆ ఇల్లు కట్టింది వాళ్ళిద్దరేనని తర్వాతి కాలంలో ఒక పెళ్ళికి ఊరిపెద్దలు గవిని ద్వారం దగ్గర నిలబడి దీవెన చెప్పారు కూడా. ఆ దీవెనలో బిల్హా లేదు, జిల్పా లేదు. దాసీలు కదా. నాలుగు గోత్రాలను కడుపున మోసి కూడా లేరు.

ఆ దీవెన మీద ఎన్ని పెళ్ళిళ్ళలో ప్రసంగించాను! బల్ల గుద్ది మరీ చెప్పాను. ప్రతిసారీ రెండు పేర్లే చెప్పాను.

ఆ తర్వాత

అప్ప దగ్గరికి పోయి నాలుగు పేర్లూ చెప్పాను. "ఇప్పినావు" అంది. అంతే. మూటకు ముడి వేసుకుంటూ కూర్చుంది.

నేను లేవలేకపోయాను. ఆ గుడిసె నాకు కొత్త కాదు. మన సంఘం మొదటి ప్రార్థన జరిగింది అక్కడే. అప్పటికి నేను లేను. ఏడాది తర్వాత జ్వరంతో వచ్చి ఆ గడపలో పడ్డాను. గంజి పోసింది. నాకప్పుడు చదువు రాదు, ఆమెకూ రాదు. కానీ చిన్నప్పుడు మిషను ఆసుపత్రిలో పని చేస్తూ విన్న కీర్తనలు ఆమెకు కంఠతా వచ్చు. ఎవరో వదిలేసిన గ్రంథం తెరిచి, అందులో గీత పెట్టి ఉన్న మొదటి కీర్తన ఏదో చదువొచ్చిన ఒకరిచేత చెప్పించుకుని, ఆమె మెల్లగా వల్లించేది. నేను అక్షరాల మీద వేలు పెట్టుకుంటూ పోయేవాణ్ణి. మాట దాటితే వేలు దాటాలి. తప్పితే మళ్ళీ మొదటికి. అలా నాలుగు నెలలు.

ఆదివారం ఆదివారం నేను చెప్పే సాక్ష్యమేమిటి? 'నాకు గురువు లేడు, పరిశుద్ధాత్మే నేర్పింది.' ఆమె చాప మీద కూర్చుని వినేది. ఒక్కసారైనా కాదనలేదు.

"అప్పా, రాతి మీద నీ పేరుండాలి" అన్నాను.

"నాకేటికి బాబూ? నీ నోట్లో ఉన్నాను కదా నేను. దాని పేరు ఎవులెరుగుదురు?" అని ఫూల్‌బాయిని చూపించింది. ఆలయం గోడలకు తడి మట్టి, నీళ్ళు, పని దిగాక రోజూ మోసినవాళ్ళు ఈ ఇద్దరే. నేను అప్పుడు మధ్యాహ్నం షిఫ్టులో ఉన్నాను. గోడలు లేచాక వచ్చి స్తోత్రం చెప్పాను.

ఫూల్‌బాయికి హిందీలో చెబితే బెదిరినట్టు చూసింది. "మోర్ నాంవ్? కాబర్, భయ్యా?" నా పేరెందుకు, అని.

అక్కణ్ణుంచి దానియేలుగారి క్వార్టరు. ఆయన ప్లాంటులో హెడ్ క్లర్కు, మాట కూడా ఫైలులాగే ఉంటుంది.

"రేజాల పేర్లు రాతి మీదా? అందులో ఒకత్తెకు బాప్తిస్మం కూడా లేదు. నీకు మతి పోయిందా, దేవదానం?"

"గోడలు వాళ్ళే మోశారండి."

"మోసినవాళ్ళందరి పేర్లూ చెక్కాలంటే భిలాయిలో రాయి చాలదు. చూడు తమ్ముడూ, నాలుగు వరుసలకే కొలత ఇచ్చాం. నా పేరు, ఆ ఇద్దరి పేర్లు కదలవు. నీ పేరు నీది. దాన్ని ఏం చేసుకుంటావో నీ ఇష్టం. రేపు మధ్యాహ్నం చెక్కడం మొదలవుతుంది."

నవ్వుతూనే అన్నాడు. నేను నా పేరు వదలనని ఆయనకు తెలుసు.

ఫిబ్రవరి 9, శనివారం. పొద్దున్న

వారపు సెలవు. టీ చల్లారిపోయింది.

నిజం రాస్తాను, ఇక్కడైనా. నా పేరు రాతి మీద చూసుకోవాలని ఉంది. వేలిముద్ర వేసినవాడి కొడుకుని. మా అయ్య పేరు ఎక్కడా లేదు — పట్టాలో లేదు, సమాధి మీద లేదు. మా అమ్మకు ఉత్తరం కూడా రాసేశాను, రాతి మీద మన ఇంటిపేరు పడుతోందని. ఆమె ఆ ఉత్తరం ఎన్ని ఇళ్ళలో చదివించి ఉంటుందో.

పోనీ, నోటితో చెబితే చాలదా? రేపు ప్రసంగంలో ఇద్దరినీ పొగుడుతాను... కాదు. అప్ప రైల్లో ఉంటుంది. ఫూల్‌బాయికి నా తెలుగు తెలీదు. ఎవరికోసం ఆ పొగడ్త? మళ్ళీ నాకోసమే.

సుందరమ్మ వచ్చి, చల్లారిన టీ చూసి, "ఏటండి, జవాబు దొరికేక కూడా ఈ కూకోడమేటి?" అంది.

ఎనిమిదిన్నర

ఒక కాగితం తీసి రాశాను. మొదటి వరుస: కరుణమ్మ, ఫూల్‌బాయి. ఒకే వరుసలో రెండు పేర్లూ పడతాయి, కొలిచాను. నా పేరు రాయలేదు. ఈ కాగితం చించేయగలను — ఇప్పుడు కూడా.

శిల్పి కొట్టు దుర్గ్ స్టేషను ఎదురుగానే. అప్ప ఎక్కే బండి పన్నెండుకు ముందే. పలక మీద సుద్దతో పేర్లు గీసుకుని, ఆ తర్వాతే ఉలి పడతాడు. సుద్ద గీతలు పడ్డాక అప్పను అక్కడికి తీసుకుపోవాలి. ఆమె వేలు పట్టుకుని ఒక్కో అక్షరం మీద నడిపించాలి. ఈసారి వల్లించేది నేను. తర్వాత ఫూల్‌బాయి వేలు.

వాళ్ళిద్దరూ ఒప్పుకుంటారో లేదో. దానియేలుగారు ముందే అక్కడ ఉంటాడేమో. అమ్మకు ఏమని రాయాలో...

అదంతా తర్వాత. సైకిలు వెనక చక్రంలో గాలి లేదు. గాలి లేకపోతే నడిచే పో. దేవదానం, రేపటి ప్రసంగం కాదు ఇది. ఉలి మధ్యాహ్నానికి పడుతుంది. లే. కాగితం జేబులో పెట్టు. ఈ రోజే, ఇప్పుడే, కలం కింద పెట్టి బయలుదేరు