అవునంటే తల అడ్డంగా

ప్లోవ్‌దివ్

చెల్లీ రాదోస్తీనా,

మీ బావ స్తామెన్ మా పెళ్లి ఫొటోలు చెరిపేసింది నిజమే, తిట్టకు. ఫొటోలు దాచుకునే ఆ ఉచిత ప్రోగ్రాంలో "చెరిపేయనా?" అని అడిగినప్పుడు జవాబుకు మాటలుండవు, బొమ్మలే; "అవును" అనే బొమ్మ తల నిలువుగా ఊపుతుంది. మన బల్గేరియాలో అది "వద్దు" కదా, పాపం దాన్నే నొక్కాడు.

తయారుచేసినవాళ్లకు మొరపెట్టుకుంటే, "ఇది అందరి సొత్తమ్మా, మీరే దిద్ది పంపండి" అన్నారు. కిందామీదా పడి నేర్చుకుని, మనవాళ్లకు "అవును" బొమ్మ తల అడ్డంగా ఊపేలా దిద్ది పంపాను. నార్వే నుంచి వాళ్ల పెద్ద ఐవిండ్ వీడియోలో పిలిచి, "మీ మార్పు ప్రోగ్రాంలో కలిపేయమంటారా?" అన్నాడు. సంతోషం పట్టలేక తల అడ్డంగా ఊపాను.

"వద్దా? సరే, మీ ఇష్టం" అని పెట్టేశాడు!

ఏడుపు ఆపుకుని, "అయ్యా, అది అవునండీ!" అని రాశాను.

"అమ్మా, మీ మార్పు ఎందుకు కావాలో ఇప్పుడర్థమైంది. కలిపేశాను" అని జవాబొచ్చింది.

ప్రేమతో,
నీ అక్క