కదలని వరస

మంగళవారం రాత్రి, జగ్గయ్యపేట

మా హెచ్‌ఓడీని తలుచుకుంటేనే ఒళ్ళు మండుతోంది. నందిగామ కాలేజీ ల్యాబులో నెల రోజులు కూర్చుని, నేనూ తోటి లెక్చరర్ రహీమా మేడమూ ఎక్కడో ఉన్న క్వాంటం కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌ ద్వారా నడిపాం. అయస్కాంతంలోని పరమాణువులకు మారుగా ఆ మెషీన్ లెక్కలకు వాడే క్యూబిట్లు పన్నెండింటిని వరసగా పెట్టి, మొదటిదాన్ని కదిలిస్తే ఆ కదలిక మిగతావాటికి ఎలా పాకుతుందో చూడటం మా పని. గ్రాఫ్ మీద చుక్కలు చెల్లాచెదురుగానే పడ్డాయి. అయినా అవి మెషీన్ నిజంగా ఇచ్చినవి.

ఇవాళ సెమినార్లో ఆ మహానుభావుడు మామూలు కంప్యూటర్‌తో లెక్క కట్టిన నున్నటి గీతను తెర మీద వేసి, పైన 'క్వాంటం కంప్యూటర్ ఫలితం' అని రాశాడు. కింద మా ఇద్దరి పేర్లు!

రహీమా లేచింది. "సార్, అది మా రీడింగ్ కాదండి."

"కూర్చోమ్మా! ఆ పిచ్చి చుక్కలు చూపిస్తే గెస్టులు నవ్విపోతారు. నీకేం తెలుసని లేచావు?" అన్నాడు అందరి ముందూ.

ఆమె నావైపు చూసింది. నేను తెర వైపు చూశాను. ఆమె బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ మెషీన్లో ఒకదాన్ని కదిలిస్తే చివరిదాకా కదిలాయి. ఇవాళ ఒక మనిషిని అంత మాటంటే, ముందు వరసలోని లెక్చరర్లం ఒక్కరమూ కదల్లేదు. హెచ్‌ఓడీని తిడుతూ ఇంత రాశాను కానీ, సెమినార్ చివర్లో ఆయన పిలవగానే స్టేజీ ఎక్కి, తల వంచి, ఆ గీతకు శాలువా కప్పించుకుని వచ్చింది నేనే.